లేవక్కర్లేని మనిషి

కరోనాకు ముందు సంవత్సరం, 2019 వానాకాలం. ఎల్బీనగర్ చౌరస్తా దాటాక విజయవాడ రోడ్డు మీద ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిలో అప్పుడు నా ఉద్యోగం. నాలుగో అంతస్తు, సర్జికల్ వార్డు. కిటికీ తెరిస్తే ఫ్లైఓవర్ పనుల దుమ్ము, మూస్తే ఉక్క. ఆ కిటికీల్లోంచి ఆంధ్రా వైపు పోయే బస్సులన్నీ కనిపించేవి. చౌరస్తాలో జనాన్ని ఎక్కించుకుని హారన్లు కొట్టుకుంటూ హయత్‌నగర్ వైపు సాగిపోయేవి. మాకు వాటిని చూసే తీరిక ఎక్కడిది? కానీ ఒకావిడ మాత్రం ఆ బస్సులు చూడటం కోసమే కిటికీ పక్క మంచం కావాలని పట్టుబట్టింది. ఆవిడ సంగతే చెప్పబోతున్నాను.

నా పేరు సువార్త. మాది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. వార్డులో అందరూ నన్ను నొప్పి సిస్టర్ అంటారు. ఆపరేషన్ అయినవాళ్ళకు నొప్పి తగ్గించే మందులు సరిగ్గా పోతున్నాయా లేదా అని మంచం మంచానికీ తిరిగి చూడటం నా పని. నొప్పి పెట్టే సిస్టర్ అనుకుని నన్ను చూడగానే దుప్పటి కప్పుకున్న పేషెంట్లు కూడా ఉన్నారు.

మా పనిలో ముఖ్యమైనది ఎపిడ్యూరల్. పెద్ద ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు వెన్నులోకి ఒక సన్నటి గొట్టం దించుతారు. సేమ్యా పోగంత లావుంటుంది, అంతే. ఆపరేషన్ తరువాత రెండు మూడు రోజులు ఒక చిన్న పంపు ఆ గొట్టం గుండా మొద్దుబారించే మందును బొట్టుబొట్టుగా పంపుతుంది. కడుపు కోసి కుట్టిన మనిషి కూడా హాయిగా ఊపిరి పీలుస్తాడు, దగ్గుతాడు, ఇంట్లోవాళ్ళ మీద విసుక్కుంటాడు. విసుక్కున్నాడంటే బాగున్నాడని మాకు లెక్క.

అయితే నొప్పి పోయినచోట ఒక్కోసారి వికారం వచ్చి కూర్చుంటుంది. జనం నొప్పి అంటే భయపడతారు గానీ వాంతి అంటే తేలిగ్గా తీసేస్తారు. ఆపరేషన్ అయ్యాక మాత్రం మాట మారుతుంది. "నొప్పి ఓర్చుకుంట సిస్టరూ, గీ తిప్పుడు మాత్రం వద్దు" అని ఏడ్చిన మగాళ్ళను చూశాను. ఎపిడ్యూరల్ పెట్టినవాళ్ళకు వికారం రావడానికి కారణాలు చాలా ఉంటాయి. ఆ మందులో తరచుగా ఫెంటనైల్ అనే ఘాటైన నొప్పిమందు కొద్దిగా కలుపుతారు. అది కొందరికి పడదు. ఇంకొకటి బీపీ. మొద్దుమందు నరాలతోపాటు రక్తనాళాలను కూడా వదులు చేస్తుంది. రక్తం కాళ్ళలోనూ పొట్టలోనూ నిలిచిపోతుంది. మనిషి ఉన్నట్టుండి లేచాడంటే బీపీ జారిపోయి కడుపులో దేవేస్తుంది. ఇవిగాక మనిషి తీరు ఒకటుంది. ఆడవాళ్ళకూ, సిగరెట్టు అలవాటు లేనివాళ్ళకూ, బస్సు పడనివాళ్ళకూ వాంతులు ఎక్కువ. ఈ మాట చెప్పగానే సిగరెట్టు తాగే మగ పేషెంట్లు మీసం మెలేస్తారు. ఆ ముచ్చట కోసం ఊపిరితిత్తులు కాల్చుకోనవసరం లేదని వాళ్ళకు గడ్డి పెడతాను.

ఇక ఆవిడ. పేరు విజయలక్ష్మి. అరవైకి దగ్గర పడుతున్న మనిషి. సొంతూరు బందరు పక్కన పెడన. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ వనస్థలిపురంలో కాపురం. ఆపరేషన్‌కు ముందురోజు పరీక్షలకు వచ్చింది. వెనకే ఆవిడ భర్త రామ్మోహనరావు గారు, చేతిలో మడత పెట్టిన పేపరు.

నేను అడగాల్సినవన్నీ వరసగా అడిగాను. షుగరు, బీపీ, ఇంతకుముందు ఆపరేషన్లు. ఆ తరువాత, "ప్రయాణం చేస్తే వాంతులు అయితయా అమ్మా?" అన్నాను.

"లేదమ్మా."

"పక్కానా?"

"ఏళ్ళయింది, ఒక్కసారి కూడా కాలేదు."

సరేనని ముందుకు పోబోయాను. కానీ ఆవిడ కూర్చుని అంతసేపైనా ఇంకా రొప్పుతూనే ఉంది. చీర కొంగు కింద పొట్ట మీద చెయ్యి అదిమి పెట్టుకుంది.

"ఏందమ్మా, గంత ఆయాసం? నడిచొచ్చిన్రా?"

"మెట్లెక్కి వచ్చాను."

"నాలుగు అంతస్తులా! లిఫ్టు ఖరాబయిందా?"

"లిఫ్టు బాగానే ఉంది. నాకే పడదు. గిర్రున తిరుగుతుంది."

వెనక నుంచి రామ్మోహనరావు గారు అందుకున్నారు. "లిఫ్టు దాకా ఎందుకమ్మా, మనవడి బారసాలలో ఊయల ఊపుతూ ఊపుతూ ఈవిడే కళ్ళు తిరిగి పడింది. పిల్లాడు మాత్రం నవ్వుతున్నాడు."

"మీరూరుకోండి" అని ఆవిడ కసిరింది.

నాకు విషయం అర్థమైంది. "అమ్మా, ఆఖరుసారి బస్సు ఎప్పుడెక్కిన్రు?"

ఆవిడ కిటికీ వైపు చూసింది.

"బస్సు నేను ఎక్కనుగా" అంది చివరికి.

"ఎక్కితే?"

"ఎక్కితే దిగేదాకా నా ప్రాణం నాది కాదు."

"మరి వాంతులు కావంటిరి!"

"ఎక్కితేగా అవడానికి! ఎక్కడం లేదు, అవడం లేదు. నేనేం అబద్ధం చెప్పానమ్మాయ్?"

నాకు నవ్వాగలేదు. ఆవిడా నవ్వింది, పొట్ట పట్టుకునే. బస్సు పడనివాళ్ళు ఎంతోమంది ఇలాగే బస్సు మానేసి, తమకు ఆ బాధే లేదని నమ్ముతూ బతికేస్తుంటారు. అందరికంటే ఎక్కువ వాంతులు అయ్యేది వాళ్ళకే.

ఆ నవ్వు అయ్యాక ఆవిడ అసలు సంగతి చెప్పింది. చాలా ఏళ్ళ కిందట గర్భసంచి ఆపరేషన్ అయిందట. ఎక్కడో, ఎవరి చేతుల్లోనో చెప్పలేదు, నేనూ అడగలేదు. మెలకువ వచ్చిన దగ్గర్నుంచి వాంతులు. మంచినీళ్ళు కూడా నిలవలేదు. ఒకసారి గట్టిగా వాంతి వచ్చినప్పుడు కడుపులో ఏదో పుటుక్కున తెగినట్టు అనిపించిందట. పైన చర్మం మానింది గానీ లోపలి కుట్టు వదిలేసింది. అప్పటినుంచి అక్కడ ఉబ్బడం మొదలై ఏటేటా పెద్దదై, ఇప్పుడు పేగులు బయటికి తోసుకొచ్చేంతగా హెర్నియా అయింది. రేపు చేయబోయేది దానికే. కడుపు తెరిచి, పేగులు సర్ది, వల లాంటి గుడ్డ పెట్టి కుడతారు.

"నొప్పి సంగతి నాకు చెప్పకమ్మాయ్. నొప్పి నేను పడతాను. వాంతి రానివ్వనని చెప్పు, చాలు. మళ్ళీ ఆ కుట్టు తెగిందంటే ఇక నేను మా అక్కను చూడను."

"మీ అక్క ఎక్కడుంటరు?"

"పెడనలోనే."

అక్క పేరు అనసూయ. కలంకారీ అద్దకం పని ఆవిడది. కర్ర అచ్చులు రంగులో ముంచి గుడ్డ మీద అద్దుతారు కదా, అది. ఆమె చీరలు అద్ది బస్సులో పార్శిల్ వేస్తే, రామ్మోహనరావు గారు దిల్‌సుఖ్‌నగర్ వెళ్ళి తీసుకొస్తారు. ఈవిడ వాటికి ఫాల్ కుట్టి కాలనీలో అమ్ముతుంది. అక్కచెల్లెళ్ళిద్దరికీ బస్సు పడదు. తల్లి వైపు ఆడవాళ్ళందరికీ అదే జబ్బట. రైలుంది కదా అన్నాను. రైలైనా కుదుపు కుదుపే, ఒకసారి స్టేషన్ దాటకముందే దిగిపోయాం అన్నారు భర్త. కారు ఇంకా ఘోరం. కొన్నేళ్ళ కిందట తల్లి పోయినప్పుడు ఎలాగో వెళ్ళివచ్చింది. దారంతా వాంతులు. తిరిగొచ్చేసరికి హెర్నియా బిగుసుకుపోయి ఆసుపత్రి పాలైంది. ఇంకోసారి అలా అయితే పేగు చచ్చిపోతుందని డాక్టర్లు ప్రయాణమే వద్దన్నారు. అక్కేమో అక్కడి నుంచి కదల్లేదు.

"మా అక్క చేత్తో అద్దిన చీర బస్సెక్కి వస్తుంది, మేమే రాలేం. ఈ కడుపు బాగుపడితే, వాంతులు అయినా సరే, ఒక్కసారి వెళ్ళి దాన్ని చూసొస్తాను. అంతకంటే నాకేం వద్దు."

మా పనిలో మాటివ్వకూడదు. మందు ఎవరికి ఎలా పడుతుందో ముందుగా చెప్పలేం. అయినా ఆవిడ చెయ్యి పట్టుకుని, "మా చేతుల ఉన్నదంతా చేస్తమమ్మా" అన్నాను.

ఆ సాయంత్రమే మా మత్తు డాక్టరు రహీం సార్ దగ్గరకు వెళ్ళి లిఫ్టు ముచ్చట, ఊయల ముచ్చట అన్నీ చెప్పాను. ఆయన నవ్వుతూ విని, నవ్వు ఆపేసి ఆలోచనలో పడ్డారు.

"ఫెంటనైల్ తీసేద్దాం సిస్టర్. ఉత్త మొద్దుమందే పెడదాం. మత్తు కూడా గ్యాసుతో వద్దు, నరంలోకి ఇచ్చే మందుతోనే నడిపిస్తా. వాంతుల మందులు ముందుగాలనే రెండు రకాలు ఇచ్చేద్దాం, వచ్చినంక ఇచ్చుడు కాదు."

"మంచిగుంటది సార్."

"గానీ ఒక పరేషాన్ ఉంది. ఫెంటనైల్ లేకుంటే మొద్దుమందు జర ఎక్కువ పోవాలె. ఎక్కువ పోతే బీపీ పడతది. బీపీ పడితే మళ్ళ వాంతే. ఆమెను ఉన్నట్టుండి లేవనియ్యొద్దు. అది మీ జిమ్మా."

ఇదీ మా వృత్తిలో చిక్కు. ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు తెరుచుకుంటుంది. మందు తీసేసి వాంతిని ఆపొచ్చు, కానీ ఆ మేరకు మనిషిని కనిపెట్టుకుని ఉండాలి.

ఆపరేషన్ చక్కగా జరిగింది. విజయలక్ష్మి గారు కళ్ళు తెరిచి మొదట అడిగిన మాట, "అయ్యాయా?" అని. "కాలేదు, పడుకోండ్రి" అన్నాను. మర్నాడు పొద్దున్నకి నొప్పి లేదు, వికారం లేదు. మోకాళ్ళ కింద దిండు పెట్టి, కడుపు మీద లాగుడు పడకుండా పడుకోబెట్టాం. ఎవరొచ్చినా సరే లేవకూడదు, మంచం తల వైపు పైకెత్తాలన్నా నన్నే పిలవాలి అని ఆవిడకూ, భర్తకూ, వార్డులో అందరికీ చెప్పాను. వాసనలు కూడా నిషేధం. మల్లెపూలు, తలనొప్పి బామ్, అగరొత్తులు ఏవీ మంచం దగ్గరికి రాకూడదు. రామ్మోహనరావు గారు ఇడ్లీ కూడా వరండాలోనే తిని వచ్చేవారు పాపం.

దిండు సర్దుతుంటే కింద ఒక మడత చీర కనిపించింది. ముదురు ఎరుపు, మీద నల్లటి లతలు.

"ఇదేందమ్మా? వాసనలు వద్దంటి కదా!"

"ఒక్కసారి చూడు."

ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కరక్కాయ వగరు, దానికింద తడి గుడ్డ ఎండిన వాసన. కొత్త కలంకారీకి ఆ వాసన ఉంటుందట. ఒక్క ఉతుకు పడితే తగ్గిపోతుందట.

"మా అక్క చేతులెప్పుడూ ఇదే వాసన. అన్నీ నాకు పడవు గానీ, ఇది మాత్రం పడుతుంది."

చీర మళ్ళీ దిండు కింద పెట్టేశాను. ఆ పూట అక్కాచెల్లెళ్ళు ఫోన్లో మాట్లాడుకున్నారు. స్పీకర్ పెట్టి ఆవిడ గుండెల మీద ఫోను ఆనించాను. "వాంతులు కాలేదే?" అంది అవతలి గొంతు. "కాలేదే" అంది ఈవిడ. "నిజంగా?" "నిజంగానే." అవతల అచ్చు గుడ్డ మీద పడుతున్న చప్పుడు ఠక్ ఠక్ అని వినిపిస్తోంది. ఈవిడ కళ్ళు మూసుకుని ఆ చప్పుడు వింటూ ఉంది. అంత ప్రేమను ఫోన్లో చూస్తే నాకు ఎవరి మీదో తెలియని కోపం వచ్చింది.

సాయంత్రం చూడటానికి వచ్చేవాళ్ళ వేళ. నేను రెండు మంచాల అవతల ఒక పెద్దాయన పంపు సరిచేస్తున్నాను. ఇంతలో విజయలక్ష్మి గారి వియ్యాలవారు వచ్చారు. కోడలి తల్లీ తండ్రీ, చైతన్యపురిలో ఉంటారు. వియ్యంకుడు తెల్లటి పంచెలో, వియ్యపురాలు కామేశ్వరమ్మ గారు పట్టుచీరలో, చేతిలో యాపిల్ పళ్ళ సంచి. ఆసుపత్రికి కూడా పెళ్ళికి వచ్చినట్టే వచ్చారు. వాళ్ళు మంచం దాకా రానేలేదు. వార్డు తలుపు దగ్గర కనిపించగానే ఈ మహాతల్లి మంచం కడ్డీ పట్టుకుని దిగ్గున లేచి కూర్చుంది. పైట సర్దుకుని, "రండి వదినగారూ, రండి అన్నయ్యగారూ" అంది.

నేను గిరుక్కున తిరిగేసరికి ఆవిడ ముఖంలో రక్తం లేదు. పెదవులు పాలిపోయాయి. పై పెదవి మీద చెమట. ఒక చెయ్యి నోటికి అడ్డం, ఇంకో చెయ్యి కుట్టు మీద.

"అమ్మాయ్..." అంది. అంతే.

నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదని చెప్పను. అవి ఆడకపోతే మా పని సాగదు. కానీ లోపల మాత్రం, ఈ ఒక్కసారీ వద్దు ప్రభువా అని మొక్కుకున్నాను. ఒక్క వాంతి గట్టిగా వస్తే కొత్త కుట్టు మీద పడే బలం ఎంతో నాకు తెలుసు. ఆ కుట్టు తెగితే పెడన దారి మూసుకుపోయినట్టే.

పరుగున వెళ్ళి రెండు చేతులతో ఆవిడ భుజాలు పట్టుకుని మెల్లగా వెనక్కి దించాను. మంచం చదును చేశాను. తల ఓ పక్కకు తిప్పి, కాళ్ళ కింద దిండ్ల మీద దిండ్లు పెట్టాను. బీపీ బాగా పడిపోయి ఉంది. సెలైన్ పూర్తిగా వదిలి, ఆక్సిజన్ పెట్టి, పక్క నర్సును కేకేసి రహీం సార్‌కు ఫోన్ చేయించాను. ఇలాంటప్పుడు కొత్తవాళ్ళు చేసే పని, ఇంకో డోసు వాంతుల మందు పొడవడం, లేదా ఎపిడ్యూరల్ పంపు ఆపేసి ఊరుకోవడం. ఇక్కడ పోయింది బీపీ. దాన్ని లేపకుండా ఎన్ని మందులు పోసినా కడుపు ఊరుకోదు.

"అమ్మా, నోటితోని ఊపిరి తీస్కోండ్రి. మెల్లగ. నన్ను చూడుండ్రి."

"వచ్చేస్తోంది..."

"రాదు. నేను చెప్తున్న కదా, రాదు."

స్పిరిట్ దూది ముక్కు దగ్గర పెట్టాను. ఒక్కోసారి ఆ వాసనకు వికారం తగ్గుతుంది. ఆవిడ తల తిప్పేసింది. చెయ్యి దిండు కిందకు పోయి తడుముతోంది. నాకు అర్థమై చీర లాగి ఇచ్చాను. ఆవిడ దాన్ని మొహానికి ఆనించుకుని గట్టిగా పీల్చింది. ఇంకోసారి. ఇంకోసారి. రహీం సార్ వచ్చి బీపీ పెరిగే మందు కొంచెం నరంలోకి ఇచ్చారు. పంపు వేగం కాస్త తగ్గించారు. మానిటర్ మీద అంకె నెమ్మదిగా పైకి రావడం మొదలుపెట్టింది. దాంతోపాటే ఆవిడ పెదవులకు రంగు వచ్చింది.

వాంతి కాలేదు.

సర్జన్ వచ్చి కుట్టు చూసి బాగానే ఉందని చెప్పి వెళ్ళారు. ఆవిడ కుదుటపడ్డాక అప్పుడు పట్టుకున్నాను నేను.

"ఎవరొచ్చినా లేవొద్దంటినా లేదా? ఏమన్న ఉంటే ఎట్లుండె? మీ అక్కను చూసుడు మీకే వద్దా?"

"వియ్యాలవారమ్మా!" అంది ఆవిడ, తప్పంతా నాదే అన్నట్టు. "ఇంటి ఆడపిల్లను మా ఇంటికిచ్చినవాళ్ళు. వాళ్ళొస్తే పడుకుని మాట్లాడతానా? నేను లేవాలనుకోలేదు. ఒళ్ళే లేచింది."

ఒళ్ళే లేచింది అన్న మాట నిజం. అరవై ఏళ్ళ అలవాటు వెన్నులో ఉంది. మేము వెన్నులో పెట్టిన మందు దాన్ని మొద్దుబారించలేదు. లేవొద్దు అని చెప్పానే గానీ, ఈ మనిషి ఎవరిని చూస్తే లేస్తుందో నేను కనుక్కోలేదు. చెప్పడం వేరు, కనుక్కోవడం వేరు.

"మరి ఎవరొస్తే లేవరు మీరు?" అని అడిగాను, ఇంకా కోపంగానే.

ఆవిడ నిజంగానే ఆలోచించింది. ఆడపడుచులొస్తే లేవాలి. మరుదులొస్తే లేవాలి. కోడలు కాఫీ తెచ్చినా లేచి అందుకోవడం అలవాటు. భర్త మాట సరేసరి. అలా ఒక్కొక్కరినీ తలుచుకుంటూ పోయి ఆగింది.

"అక్కొస్తే లేవను" అంది. "చిన్నప్పుడు అద్దకం షెడ్డులో గుడ్డల మూటల మీద పడుకునేదాన్ని. ఎవరి అడుగుల చప్పుడు విన్నా లేచి నిలబడేదాన్ని, పని మానేసి పడుకున్నానని తిడతారని. అక్క వస్తే మాత్రం కాస్త పక్కకి జరిగేదాన్ని. అది వచ్చి పక్కన పడుకునేది. అంతే." కొంచెం ఆగి, "దాని ముందు నేను లేవక్కర్లేదమ్మాయ్. ఇంకెవరి ముందైనా లేవాలి" అంది. చెంపల మీద కన్నీళ్ళు చెవుల్లోకి జారుతున్నాయి. పడుకుని ఏడ్చేవాళ్ళకు అంతే కదా, తుడిచాను.

కామేశ్వరమ్మ గారు వరండాలో యాపిల్ సంచి ఒళ్ళో పెట్టుకుని ఒకటే ఏడుపు, నా వల్లే అయింది, నా వల్లే అయింది అని. ఆవిడకు విషయం విడమరచి చెప్పాను. మర్నాటి నుంచి ఆవిడ చేసిన సేవ చూడాలి. పొద్దున్నే పాత నూలుచీర కట్టుకుని వచ్చి వార్డు తలుపు దగ్గర స్టూలు వేసుక్కూర్చునేది. చుట్టాలెవరొచ్చినా ముందు తనే లోపలికి వచ్చి, "వదినగారూ, మీ తోడికోడలు వస్తోంది. లేచారంటే నా మీద ఒట్టే" అని హెచ్చరించి, అప్పుడు లోపలికి పంపేది. వచ్చినవాళ్ళను కూడా నిలబడనిచ్చేది కాదు, ముందు కూర్చోబెట్టేది. ఎదుటి మనిషి కూర్చుంటే ఈవిడకు లేవాలన్న తహతహ తగ్గింది. ఆ ఉపాయం నాది కాదు, కామేశ్వరమ్మ గారిది. నేను ఈరోజుకీ వాడుతున్నాను.

తరువాత ఆవిడను లేపడం మొదలుపెట్టాం. ముందు మంచం తల వైపు కొంచెం ఎత్తి బీపీ చూశాం. ఇంకొంచెం ఎత్తాం. కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చోబెట్టాం. ఎపిడ్యూరల్ తీసేశాక నడిపించాం. ఇంటికి వెళ్ళే రోజు మెట్ల వైపు నడుస్తుంటే నేను అడ్డం నిలబడ్డాను. "ఇయాల లిఫ్టులనే." ఆవిడ నా చెయ్యి పట్టుకుని, కళ్ళు తలుపు మీద నిలిపి, నోటితో ఊపిరి తీస్తూ దిగింది. కింద తలుపు తెరుచుకోగానే భర్త వైపు చూసి, "ఏవండీ, ఏమీ కాలేదు" అంది చిన్నపిల్లలా.

కుట్టు గట్టిపడేదాకా ఆగమన్నారు సర్జన్. ఆగింది. పూర్తిగా మానిందని చెప్పాక, ప్రయాణానికి ముందు వేసుకునే మాత్ర రహీం సార్ రాసిచ్చారు. ముందు సీటు, తేలికపాటి తిండి, చూపు దూరంగా రోడ్డు మీద అని నేను చెప్పి పంపాను. ఎండలు ముదరకముందే వెళ్దామనుకున్నారు. ఇంతలో కరోనా వచ్చింది. బస్సులు ఆగిపోయాయి. చౌరస్తా అంత నిశ్శబ్దంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. ఆ కిటికీలోంచి చూసినప్పుడల్లా నాకు ఆవిడే గుర్తొచ్చేది.

ఒకరోజు ఫోన్ చేసింది. "పార్శిళ్ళు కూడా ఆపేశారమ్మాయ్. కొత్త చీరలు రావడం లేదు. ఆ ఎర్రచీర ఉతక్కుండా దాచాను. అయినా వాసన పోయింది. ఎంత పీల్చినా రావడం లేదు." మందులు రాసే పుస్తకాల్లో దానికి మందు లేదు. "వస్తయమ్మా బస్సులు, వస్తయి" అన్నాను.

ఆ తరువాత నా ప్రశ్నలు రెండు మారాయి. ప్రయాణంలో వాంతులు అవుతాయా అని అడగను, ఆఖరుసారి బస్సు ఎప్పుడెక్కారు అని అడుగుతాను. లేవొద్దు అని ఊరికే చెప్పను, మిమ్మల్ని చూడటానికి ఎవరెవరొస్తారు, ఎవరొస్తే లేస్తారు అని అడుగుతాను. జవాబు చెబుతూ చెబుతూ చాలామంది నవ్వుతారు. కొందరు ఆగిపోతారు. ఎవరొస్తే లేవక్కర్లేదో ఆ పేరు గుర్తొచ్చి ఆగిపోతారు. ఆ మనిషి ఒక్కోసారి ఊళ్ళో ఉండరు, ఒక్కోసారి లోకంలోనే ఉండరు. ఒళ్ళు నిజంగా విశ్రాంతి తీసుకునేది ఆ ఒక్కరి ముందేనని నాకు ఈ కేసే నేర్పింది.

బస్సులు మళ్ళీ బాగా తిరగడం మొదలైన చలికాలంలో విజయలక్ష్మి గారు మా వార్డుకు వచ్చింది. లిఫ్టులోనే వచ్చింది, అది చెప్పడానికి ముందు కాసేపు గర్వంగా నిలబడింది కూడా. నా చేతిలో ఒక కలంకారీ చీర పెట్టింది. కొత్త వాసన గుప్పుమంది.

"వెళ్ళొచ్చిన్రా!"

"వెళ్ళొచ్చాను. దారంతా ఒక్కటి కూడా కాలేదు. డ్రైవరు పక్కన కూర్చుని రోడ్డంతా నేనే నడిపినట్టు చూశాను."

"అక్క ఎట్లున్నరు? బస్టాండుకు ఎదురొచ్చిన్రా?"

"ఎక్కడొస్తుంది? ఏళ్ళ తరబడి నిలబడి అద్ది అద్ది దానికి నడుం పట్టేసింది. షెడ్డులో మూటల మీద పడుకుని ఉంది. నేను గుమ్మంలో నిలబడ్డాను. వాళ్ళాయన వస్తే లేస్తుంది, వ్యాపారి వస్తే లేస్తుంది, నడుం విరిగినా లేస్తుంది, నాకు తెలుసు దాని సంగతి." ఆవిడ కళ్ళు తుడుచుకుని నవ్వింది. "నన్ను చూసి లేవలేదమ్మాయ్. కాస్త పక్కకి జరిగింది."